నాంపల్లి నుంచి సిమ్లా దాకా ఒక ఊలు టోపీ

పొద్దున్నే నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ, కాల్కా మీదుగా సిమ్లా చేరేసరికి పెద్దవాళ్ళ టోపీ ఒకటి దాదాపు పూర్తవుతుంది. చేతిలో ఊలు, సూదులు ఉంటే దారి పొడవునా కొత్తవాళ్ళు పలకరిస్తూనే ఉంటారు. బండి ఉత్తరానికి పోయేకొద్దీ వాళ్ళడిగే ప్రశ్న మారడం ఈ ప్రయాణంలో స్పష్టంగా కనిపించింది. కాజీపేట దగ్గర ‘గదేందమ్మా అల్లుతున్నవు, లేసా?’ అన్నారు. ఢిల్లీ దాటాక వస్తువేమిటో ఎవరూ అడగలేదు. నేరుగా ‘కిత్నే ఫందే డాలే?’, అంటే సూది మీదికి ఎన్ని కుట్లు ఎక్కించావని అడిగారు.

నలుగురి మధ్య అల్లేటప్పుడు సూదులు ఎంచుకోవడం సగం పని. 35 సెంటీమీటర్ల పొడుగు సూదులు రైల్లో పనికిరావు. మోచెయ్యి కదిలిన ప్రతిసారీ పక్కవాళ్ళకు తగులుతుంది, జారితే దొర్లుకుంటూ బెర్తు కిందికి పోతుంది. రెండు కొసలనూ తీగతో కలిపే సర్క్యులర్ సూది 60 లేదా 80 సెంటీమీటర్లది మంచిది. పని బరువు ఒళ్ళో ఉంటుంది, సూది కింద పడదు. లోహం కంటే వెదురు నయం, బండి కుదుపుకి కుట్లు అంత తేలిగ్గా జారవు. మన దుకాణాల్లో 8 నంబరు అని అమ్మేది 4 మిల్లీమీటర్ల సూది, 10 నంబరు అంటే 3.25. నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

నేను పట్టుకెళ్ళింది 8 నంబరు సూది, లేత బూడిదరంగు డబుల్ నిట్ (మధ్యరకం లావు) ఊలు 100 గ్రాములు. టోపీకి 60, 70 గ్రాములు పడుతుంది. ముదురు నీలం, నలుపు వద్దు. బోగీ లైటు వెలుతురులో ఆ రంగుల్లో కుట్టు కనబడదు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే బిగువుతో 102 కుట్లు ఎక్కించాలి. రెండు చివరలా ఒక్కో కుట్టు అతుకులో కలిసిపోతే మిగిలే 100 కుట్లు దాదాపు 45 సెంటీమీటర్లు. 55 సెంటీమీటర్ల తలకు అది సాగి పట్టుకుంటుంది. చుట్టూ తిప్పి అల్లితే అతుకు ఉండదు నిజమే, కానీ పైకొచ్చేసరికి నాలుగైదు పొట్టి సూదులు కావాలి, రైల్లో అవి నిలవవు. అందుకే అటూ ఇటూ తిప్పి బల్లపరుపుగా అల్లడం. ఎక్కించడం, మొదటి రెండు వరసలు ఇంట్లోనే చేసుకోవాలి. లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే 102 కాస్తా 99 అవుతుంది.

రామగుండం దాటాక ఎదుటి బెర్తులోని పాలకొల్లు పెద్దావిడ చాలాసేపు చూసి, ‘రెండు సూదులెందుకమ్మా? మేం ఒక్కదాంతోనే లాగించేస్తాం’ అన్నారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళ చేతుల్లో కొక్కెం సూది ఒక్కటే ఉంటుంది. తేడా అక్కడే ఉంది. లేసులో ఏ క్షణాన చూసినా సూది మీద విడిపోగల ముడి ఒకటో రెండో. పని ఆపాలంటే సూది లాగేసి సంచిలో పెట్టుకోవచ్చు. ఊలు అల్లికలో 102 ముళ్ళూ, అంటే ఎక్కించిన కుట్లన్నీ, ఒకేసారి సూది మీద తెరిచి ఉంటాయి. ఎవరైనా ముచ్చటపడి ‘ఏదీ, చూడనివ్వండి’ అంటూ కొస పట్టి లాగితే పది కుట్లు ఒక్కసారే జారతాయి. కాబట్టి ఇచ్చే ముందు కుట్లన్నీ తీగ మధ్యకు తోసి, రెండు కొసలకూ రబ్బరు బిరడాలు తొడగాలి.

అయినా జారితే కంగారుపడి బట్టను సాగదీయవద్దు. జారిన ముడి పైన నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనబడతాయి. కొక్కెం సూదిని ముడిలోకి ముందువైపు నుంచి దూర్చి, అన్నిటికంటే కింది మెట్టును పట్టి ముడిలోంచి ఇవతలికి లాగాలి. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ సూది దాకా వస్తుంది. ఇది నిట్, అంటే ముందువైపు నున్నగా కనబడే కుట్టు సంగతి. ముందువైపు బొడిపెలా కనబడే పర్ల్ కుట్టయితే బట్టను వెనక్కి తిప్పి ఇదే పని చెయ్యాలి. సంచిలో ఒక కొక్కెం సూది తప్పనిసరి. పెద్దావిడ తన సంచిలోంచి తీసిచ్చినది లేసు దారానికి సరిపోయే మరీ సన్న సూది, ఊలు పోగు దాని కొక్కేనికి పట్టదు. 3.5 లేదా 4 మిల్లీమీటర్లది కావాలి.

మాటల్లో పడ్డప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు వేరు. వరస మధ్యలో ఆపి, టీ తాగి, మళ్ళీ తీసుకునేటప్పుడు సూదులు తారుమారవుతాయి. వచ్చిన దారినే వెనక్కి అల్లేస్తాం, ఒక పక్క రెండు వరసలు ఎక్కువై బట్ట వంకర పోతుంది. ఉండ నుంచి వచ్చే పోగు ఏ సూదికి వేలాడుతుందో ఆ సూది కుడిచేతిలో ఉండాలి. ఈ ఒక్కటి చూసుకుంటే చాలు. అంతకంటే మంచిది, వరస పూర్తి చేసి తలెత్తడం. అడిగినవాళ్ళు పది సెకన్లు ఆగుతారు, ఏమీ అనుకోరు.

నాగపూర్ దాటేవరకూ ఎవరూ సూదులు ముట్టుకోలేదు. ఎక్కువమంది అడిగేవి మూడే: ఎవరికి, ఎన్ని రోజులు పడుతుంది, కొంటే ఎంత. ఢిల్లీలో బండి మారి కాల్కా దారిలో పడ్డాక, పక్కనున్నావిడ అడగకుండానే పని చేతిలోకి తీసుకుని, ‘సలాయీ ఆఠ్ నంబర్ కీ?’ (సూది ఎనిమిదో నంబరుదా?) అంటూనే నాలుగు కుట్లు అల్లేసింది. ఇక్కడ దగ్గరగా చూడాల్సిన సంగతి ఉంది. నేను పర్ల్ వేసేటప్పుడు పోగును సూది పైనుంచి చుడతాను, ముడికి రెండు కాళ్ళు, అంటే సూదికి ముందొకటి వెనకొకటి దిగే పోగులు ఉంటాయి; ఇలా చుడితే కుడికాలు సూదికి ముందువైపు నిలుస్తుంది. ఆవిడ పోగును కిందినుంచి తీసింది. పని తొందరగా సాగుతుంది, కానీ ఆ ముడికి ఎడమకాలు ముందుకొస్తుంది. ఆవిడ తర్వాతి వరసలో వెనక కాలిలోంచి అల్లుతుంది కాబట్టి ఆవిడ బట్టలో తప్పేమీ ఉండదు. నేను నా అలవాటున ముందు కాలిలోంచి అల్లితే మాత్రం ఆ నాలుగు కుట్లూ మెలిపడి, బిగిసి, బట్ట మీద చారలా కనబడతాయి. వేరే చెయ్యి పడ్డ వరసలో ప్రతి ముడికీ ముందున్న కాలు ఏదో చూసి, ఎడమదైతే వెనకనుంచి అల్లాలి. ఇంత అవస్థ వద్దనుకుంటే, 20 కుట్లు ఎక్కించిన చిన్న ముక్క వేరే సూదుల మీద సంచిలో ఉంచుకోవాలి. పిల్లలడిగినా పెద్దలడిగినా అది ఇవ్వొచ్చు. నేర్పడానికీ అదే సౌకర్యం.

కాల్కా నుంచి సిమ్లాకు 96 కిలోమీటర్ల చిన్న రైలు, 1903లో మొదలైనది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లే. అన్నిటికంటే పొడుగైన బరోగ్ సొరంగం 1,143 మీటర్లు, లోపల కొన్ని నిమిషాలపాటు వెలుతురు ఉండదు. అప్పటికి నిట్ వరసలో ఉంటే ఆపక్కర్లేదు, ముడిని బొటనవేలే గుర్తుపడుతుంది. నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లే సాగే అంచు, రిబ్‌లో ఉన్నా ఇబ్బంది లేదు: ముడి కింద అడ్డంగా బొడిపె తగిలితే పర్ల్, నున్నగా ఉంటే నిట్. కుట్లు తగ్గించే వరసైతే మాత్రం బయటికొచ్చేదాకా చేతులు కట్టుకోవడమే.

సిమ్లాలో ఊరి నడుమ రిడ్జ్ అనే మైదానం మీద ఎండ కాసే బెంచీల్లో అల్లేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. 2005 నుంచి జూన్ రెండో శనివారం నలుగురిలో కూర్చుని అల్లే రోజుగా చాలా దేశాల్లో జరుపుకుంటున్నారు. ఇక్కడివాళ్ళకది రోజువారీ పని. దుకాణంలో ఊలు కొంటే దాని చుట్టూ ఉండే కాగితం మీద డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు వేసేది) చూసి, అన్నీ ఒకే నంబరువి, అవసరానికి ఒకటి ఎక్కువే తీసుకోవాలి. హైదరాబాద్ వచ్చాక అదే లాట్ దొరకడం కష్టం. ప్యూర్ వూల్ అన్నదాన్ని నమ్మాలంటే చిన్న పోగు కాల్చి చూడండి. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి పొడి అవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి పూస కడుతుంది.

చిలపగా, అంటే పొడుగాటి పోగుల కట్టగా అమ్మే ఊలును ఉండ చుట్టడానికి రెండో మనిషి కావాలి, బెంచీ మీద అడక్కుండానే పక్కావిడ చేతులు చాపింది. చిలపను రెండు చేతుల మీదా పరిచి, తర్వాతే కట్లు కొయ్యాలి. ఉండను బిగించి చుట్టకూడదు. సాగిన ఊలుతో అల్లింది ఉతికాక ముడుచుకుంటుంది. మధ్యలో రెండు వేళ్ళుంచి చుట్టి, తర్వాత లాగేస్తే కావలసినంత వదులు మిగులుతుంది.

టోపీ పైభాగం అక్కడే ముగిసింది. రిబ్‌తో కలిపి 17 సెంటీమీటర్లయ్యాక, రెండు చివరలా ఒక్కో కుట్టు మామూలుగా అల్లి, మధ్యనున్న వందలో 8 నిట్, రెండు కలిపి ఒకటి, ఇలా పదిసార్లు. వెనక వరస మామూలు పర్ల్. తర్వాత 7 నిట్, రెండు కలిపి. అలా ఒక్కోటి తగ్గుతూ 1 నిట్ దాకా వస్తే 22 మిగులుతాయి. మధ్య ఇరవైనీ రెండేసి కలిపితే 12. పోగును 40 సెంటీమీటర్లు వదిలి కోసి, మొద్దు సూదికి ఎక్కించి, ఆ పన్నెండు ముళ్ళలోంచి రెండుసార్లు తిప్పి లాగాలి. ఒకసారే తిప్పితే నడినెత్తిన చిల్లు మిగులుతుందని, చిలప పట్టుకున్నావిడ తన టోపీ తీసి చూపించింది.