వాసన ఎక్కడిది

పదకొండున్నర అయింది. నిద్ర పట్టక లేచి కూర్చున్నా.

సాయంత్రం పాల ప్యాకెట్లు పట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడితే వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, మీ వంటింటి వైపు నుంచి కంపు వస్తోందంట. కిందావిడ మీకు చెప్పమన్నారు" అన్నాడు. పక్కన ఇంకో ఇద్దరున్నారు. ఒకావిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంది, అక్కడ లిఫ్ట్ దగ్గర ఏ వాసనా లేకపోయినా.

నాకు మండింది కంపు అన్నందుకు కాదు, వాచ్‌మన్‌తో చెప్పించినందుకు. ఆవిడా నేనూ వారానికి నాలుగుసార్లు ఎదురుపడతాం. మొన్న ఆదివారం పైకొచ్చి మా కుండీలోంచి రెండు రెమ్మలు కరివేపాకు కోసుకెళ్ళింది. ఆ చెట్టు పెరిగిందే, వంటింటి చెత్తతో నేను ఎరువు చేసే బకెట్లలోంచి వచ్చిన మట్టిలో. కోసుకునేటప్పుడు రాని వాసన ఇప్పుడెలా వచ్చిందని మెట్లెక్కుతూ అనుకుంటూనే ఉన్నా.

మూడేళ్ళ నుంచి ఇంట్లోనే ఈ ఎరువు చేస్తున్నాను. మొదటి ఏడాది బాల్కనీలోనే పెట్టా. మే నెల గుంటూరు ఎండకి బకెట్ లోపలంతా ఎండిపోయి, తొక్కలు తొక్కల్లాగే ఉండిపోయాయి. అప్పుడే వంటింటి పక్కనున్న యుటిలిటీలోకి మార్చా. అడుగున, పక్కల బెజ్జాలు పెట్టిన రెండు బకెట్లు, కింద పళ్ళెం. ఒకటి నిండాక రెండోది మొదలు. తడి చెత్త ఒక దోసెడు పడితే, దాని మీద ఎండుటాకులో కొబ్బరి పొట్టో రెండు దోసిళ్ళు పడాలి. పుల్లమజ్జిగ అప్పుడప్పుడూ. రెండు రోజులకోసారి కర్రతో కిందా మీదా చేయాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. ఇదంతా తప్పకుండా చేస్తున్నాను, నా బకెట్ వాసన రాదు అని ఈ టపా రాద్దామనే లేచాను.

రాసే ముందు వెళ్ళి మూతలు తీసి చూశా.

మొదటి బకెట్ బాగుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డప్పుడు నేల వాసన ఉంటుందే, అచ్చం అది. యాక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాసనట అది, వాన మట్టికైనా, మాగిన ఎరువుకైనా.

రెండోది తీయగానే కళ్ళు మండాయి. అమ్మోనియా ఘాటు, దాని కింద కుళ్ళిన గుడ్డు వాసన. పుచ్చకాయ తొక్కలు, మామిడి టెంకలు, వాటి మధ్య అన్నం ముద్దలు, పప్పుచారు. పళ్ళెంలో నల్లటి నీళ్ళు. ఆదివారం చుట్టాలు వెళ్ళాక గిన్నెలు తీసింది అత్తయ్యగారు.

ఒక్క నిమిషం ఆవిడ మీద కోపం వచ్చింది. ఉడికినవి వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను! కానీ అక్కడ పీట మీద కూర్చుని కర్రతో కెలుకుతుంటే మా నాయనమ్మ ఎరువు దిబ్బ గుర్తొచ్చింది.

పొన్నూరు దగ్గర మా ఊళ్ళో గొడ్లచావిడి వెనక ఉండేది. పొద్దున్నే నాయనమ్మ తట్టతో పేడ మోసుకెళ్ళి పోసేది. గొడ్లు తొక్కిన గడ్డి, పొయ్యిలో బూడిద, ఇల్లూడ్చిన చెత్త, పాచిపోయిన అన్నం, అన్నీ దాని మీదే. వేసవిలో పారతో తవ్వితే లోపల్నుంచి ఆవిరి లేచేది. నేను చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. బొటనవేలంత తెల్లటి కొమ్ముపురుగు పిల్లలు ముడుచుకుని దొర్లేవి, కోళ్ళు మీద పడేవి. తర్వాత బండ్ల మీద చేలోకి తోలేవాళ్ళు. మాది నల్లరేగడి, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. ఎరువు పడితే మట్టి మెత్తబడుతుందనేది. నేను ముక్కు మూసుకుంటే, "కంపు కొడుతుందంటే పైన గడ్డి తక్కువైంది, రెండు చేతుల గడ్డి పడెయ్యి" అనేది. పడేస్తే నిజంగానే తగ్గేది.

అత్తయ్యగారు కూడా అలాంటి ఇంట్లోంచే వచ్చారు. ఆవిడకి అన్నం దిబ్బ మీద పడాల్సిందే. ఆ దిబ్బకి గాలుంది, గడ్డుంది. నా బకెట్‌కి గాలి చాలలేదు, గడ్డి బదులు పెట్టుకున్న కొబ్బరి పొట్టు సంచి అయిపోయి పది రోజులైంది. రేపు తెస్తాను, రేపు తెస్తాను అనుకుంటూ ఊరుకున్నది నేనే. పొట్టు ఉంటే ఆ అన్నం కూడా ఎలాగోలా సర్దుకునేదేమో. పచ్చివాటికి పొడివి తోడు లేకపోతే నత్రజని మిగిలిపోయి అమ్మోనియాగా పోతుంది. గాలాడకపోతే గుడ్డు వాసన. రెండూ ఒకేసారి జరిగాయి మా ఇంట్లో.

అంటే కిందావిడ చెప్పింది నిజమే. వంటింటి పక్క డక్ట్‌లోంచి వాసన నేరుగా వాళ్ళ కిటికీకే దిగుతుంది. వాచ్‌మన్‌తో చెప్పించడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

నల్లనీళ్ళు పారబోసి, పళ్ళెం కడిగా. పైనున్న అన్నం, పప్పు దొరికినంత ఏరి తీసేశా. రెండు గుడ్ల అట్టలు, ఒక అట్టపెట్టె చింపి ముక్కలు చేసి, పాత పేపర్లతో కలిపి బాగా కలియబెట్టా. పైన మొదటి బకెట్‌లోంచి నాలుగు గుప్పిళ్ళ ఎరువు చల్లా. మూత బదులు పాత పంచె ముక్క కట్టా. చేతులు నిమ్మచెక్కతో తోముకున్నా ఇంకా కొంచెం వాసన ఉంది.

మల్లెకి కుండీ మార్చాలి. మొదటి బకెట్ ఎరువు, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు సమంగా, గుప్పెడు వేపపిండి. ఈ సంతోషం గురించే రాయాల్సింది నిజానికి, ఇంకోసారి రాస్తా.

పొద్దున్నే పంచె విప్పి చూస్తా. ఘాటు తగ్గితే కిందికి వెళ్ళి ఆవిడతో నేనే మాట్లాడతా. తగ్గకపోతే ముందు పొట్టు తెచ్చి, సాయంత్రం వెళ్తా. అత్తయ్యగారికి ఏమీ చెప్పను.