రన్‌డౌన్‌తో పడిన పాట్లు: నా అనుభవం

పార్కిన్సన్స్ వ్యాధిలో నశించే డోపమిన్ నాడీకణాల్లోకి క్యావ్1.3 అనే ఛానెల్ (కణత్వచంలోని అయాన్ల ద్వారం) గుండా కాల్షియం పదేపదే చేరుతుంటుంది కనుక, ఆ ఛానెల్‌ను అడ్డుకోగలదనుకున్న ఒక కొత్త అణువును ప్యాచ్ క్లాంప్‌తో, అంటే సన్నని గాజు పిపెట్‌ను కణానికి అతికించి ఛానెళ్ల గుండా పారే విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పద్ధతితో, పరీక్షించే పని నాకు అప్పగించారు. కణాల పెంపకం, పిపెట్లు లాగడం ఓపికతో అబ్బే పనులే. గిగాఓమ్ సీల్ (పిపెట్ కొన విద్యుత్ కారిపోనంత బిగువుగా కణానికి అతుక్కోవడం) విషయంలో నా చేతికి ప్రయోగశాలలో మంచి పేరే ఉంది.

నన్ను ఏడిపించింది రన్‌డౌన్, అంటే మందు లేకున్నా ప్రవాహం దానంతటదే తగ్గిపోవడం. అణువును వదలగానే ప్రవాహం తగ్గుతూ వచ్చింది. మా పెద్దాయన మందు దొరికిందని అందరికీ చెప్పేశారు. నాకు నమ్మకం కుదరక ఉత్త ద్రావణిని (అణువును కరిగించే ద్రవాన్ని) అంతే సేపు పంపి చూస్తే, ప్రవాహం దాదాపు అలాగే పడిపోయింది. త్వచాన్ని చీల్చి కణంలోకి దారి చేసుకున్నాక, ఛానెల్‌ను పనిచేయించే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) వంటివి పిపెట్‌లోకి కొట్టుకుపోతాయి. పిపెట్ ద్రావణంలో ఏటీపీ కలిపినా తరుగుదల నెమ్మదించిందే గాని ఆగలేదు. ఈ సంగతి సమావేశంలో చెప్పినప్పుడు, కణాన్ని పట్టుకోవడం రానివారే ఇలాంటి సాకులు వెతుకుతారని ఆయన అందరి ఎదుట అన్నారు. అణువుతో, ఉత్త ద్రావణితో వచ్చిన రెండు రేఖలూ తెరపై పక్కపక్కనే కనిపిస్తుండగా అన్న ఆ మాటను నేను మరచిపోదలచుకోలేదు.

ఈ రంగంలోకి వచ్చేవారు ద్రావణి పరీక్షను అదే రోజు, అదే కణాల తెగపై చేయాలి; ఎవరైనా నిరోధం ఇంత శాతమని చెబితే, కాలంతో పాటు గీసిన రేఖను చూపమని అడగాలి, ఆ అడిగేది ఎంత పెద్దవారినైనా సరే. ఈ తరహా ఛానెళ్లను అడ్డుకుంటూ జంతువుల్లో ఆశ రేపిన ఇస్రాడిపిన్ అనే మందు సైతం 336 మందిపై 3 ఏళ్లు జరిగిన పరీక్షలో పార్కిన్సన్స్ వేగాన్ని తగ్గించలేదని 2020లో తేలింది. అటువంటి చోట ప్రయోగశాలలోనే తొందరపడి చాటింపు వేయడం రోగుల పట్ల అన్యాయం.

చివరికి త్వచాన్ని చీల్చకుండా, ఆంఫోటెరిసిన్ అనే మందుతో దానికి సన్నని రంధ్రాలు చేసే పద్ధతికి మారాను. అది చేసే రంధ్రాల గుండా పొటాషియం, సీజియం వంటి చిన్న అయాన్లు దాటుతాయి, ఏటీపీ దాటదు. దారి తెరుచుకునే దాకా చాలాసేపు కూర్చోవలసి వచ్చినా ప్రవాహం నిలకడగా నిలిచింది. అణువు వదిలితే తగ్గింది, కడిగేస్తే చాలావరకు తిరిగి వచ్చింది. అసలు ప్రభావం ముందు ప్రకటించిన దానిలో సగం కూడా లేదు. పైగా గుండెలోను, రక్తనాళాల్లోను ఉండే క్యావ్1.2 అనే సోదర ఛానెల్‌ను ఆ అణువు ఇంకా గట్టిగా అడ్డుకుంది. ఇవన్నీ రాసి ఇచ్చిన నివేదికపై పెద్దాయన నిన్న మారుమాట లేకుండా సంతకం చేశారు.