తుంటికి కట్టిన ధర

"ఏంది మామా, మ్యాచ్‌కి దగ్గరదగ్గర 29 పాయింట్లు కొట్టినోడికి కనీస జీతమా?"

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం బయట చెరుకురసం తాగుతూ మా మేనల్లుడు ఫోన్ నా మొహం మీద పెట్టాడు. వాడూ పొట్టోడే. ఐజయా థామస్ అంటే ప్రాణం.

ఎన్‌బీఏలో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, 5 అడుగుల 9 అంగుళాల మనిషి. 2016-17లో బోస్టన్ జట్టు తరఫున సగటున 28.9 పాయింట్లు. అప్పుడు వాడిది పాత, చవక ఒప్పందం. పెద్ద డబ్బు ఇక రావాలి అనుకునే వేళకి తుంటి దెబ్బతింది. దాంతోనే ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) ఆడాడు పిచ్చోడు.

2017 ఆగస్టులో క్లీవ్‌లాండ్ జట్టుకి మార్చేశారు. బోస్టన్‌లో బంతి ఎప్పుడూ వాడి చేతిలోనే. ఇక్కడ బంతి తన చేతిలో ఉంచుకునే పెద్ద స్టార్ లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడాయె! డిఫెన్స్‌లో వాడి పొట్టితనాన్ని కప్పిపెట్టేవాళ్ళూ లేరు. ఫిబ్రవరికల్లా లేకర్స్ జట్టుకి పంపేశారు. 2018లో డెన్వర్‌తో ఏడాదికి కనీస జీతం, సుమారు 20 లక్షల డాలర్లు. మనకది కోట్లే అనుకోండి, కానీ వాడి స్థాయికి చిల్లరే.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. బోస్టన్ నుంచి తీసుకునేటప్పుడు, వైద్య పరీక్షలయ్యాక క్లీవ్‌లాండ్ వాళ్ళు బేరం తిరగదోడి, అదనంగా ఒక రెండో రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్ళ ఎంపికలో రెండో విడత అవకాశం) రాబట్టుకున్నారు. నొప్పి వాడిది, నష్టపరిహారం వీళ్ళకి!