మూడో బెడ్‌రూమ్‌లో స్పీకర్లు: కొన్నదానికంటే నిలబెట్టిందే పెద్ద పని

మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో మూడో బెడ్‌రూమ్ 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టైల్స్ నుంచి స్లాబు దాకా తొమ్మిదిన్నర అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ ఇటుక గోడలు, ఒక పక్క అల్యూమినియం ఫ్రేము స్లైడింగ్ కిటికీ, ఓ మూల పరుపులూ దుప్పట్లూ దాచే ఇనప బీరువా. చుట్టాలొస్తే పడుకునే గది ఇది. మిగతా రోజుల్లో పాటలు వినడానికి వాడుకోవచ్చని ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఏళ్లుగా దాచిన డబ్బుతో మంచి స్పీకర్లు కొందామని బయల్దేరాను.

షాపులకు వెళ్లే ముందు ఒక చిన్న లెక్క వేసుకున్నాను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే, రెండు గోడల మధ్య ఏ స్వరం చిక్కుకుపోయి ఉబ్బుతుందో తెలుస్తుంది. మా గదికి పొడవు వైపు 35 హెర్ట్జ్ (అంటే సెకనుకు 35 కంపనాలు), వెడల్పు వైపు 51, ఎత్తు వైపు 59. ఈ మూడు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. అమ్మేవాళ్లు చెప్పే మాటల కంటే, చదివిన సమీక్షల కంటే ఇవే ఎక్కువ పనికొచ్చాయి.

ఎందుకంటే మనం చదివే సమీక్షల్లో చాలావరకు అమెరికా, యూరప్ వాళ్లవి. అమెరికా ఇళ్లలో గోడలు ఎక్కువగా చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టినవి. బాస్ తగిలినప్పుడు ఆ గోడ కొంచెం కదిలి, కొంత శక్తిని మింగేస్తుంది. మన ఇటుక గోడా ఆర్‌సీసీ స్లాబూ దాదాపు ఏమీ మింగవు, వచ్చినదాన్ని ఇంచుమించు వచ్చినట్టే వెనక్కి కొడతాయి. కాబట్టి అక్కడి సమీక్షకుడు ‘బాస్ కొంచెం తక్కువ’ అన్న స్పీకరు మన గదిలో సరిపోవచ్చు. అతను ‘అద్భుతమైన బాస్’ అన్నది మన చెవులు పగలగొట్టొచ్చు.

షాపుల్లో డెమో గదులన్నీ ఒకేలా ఉన్నాయి: మందపాటి కార్పెట్, గోడలకు ప్యానెళ్లు, చల్లటి ఏసీ. అలాంటి గదిలో ఏ స్పీకరైనా బాగానే పాడుతుంది. వాళ్లు వినిపించేది కూడా అమ్మాయి గొంతూ గిటారూ మాత్రమే ఉన్న ఇంగ్లీషు పాటలే. నా పాటలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను: ఘంటసాల పాత మోనో రికార్డింగులు, చిట్టిబాబు వీణ, మృదంగం బాగా వినిపించే ఒక కచేరీ, డప్పులు దద్దరిల్లే ఒక కొత్త సినిమా పాట. మీరు రోజూ వినని పాట ఎంత బాగా వినిపించినా దాన్ని బట్టి నిర్ణయించకండి.

నేల మీదే నిలబెట్టే నిలువెత్తు స్పీకరు (ఫ్లోర్‌స్టాండర్) ఒకటి షాపులో నిజంగా మనసు లాగేసింది. ఫోటో చూపిస్తే మా ఆవిడ, “ఏవండీ, గదిలో ఒక బీరువా ఉండగా ఇంకో రెండెందుకండీ?” అంది. అది పక్కన పెడితే నా అభ్యంతరం వేరు. ఆ స్పీకరు 35 హెర్ట్జ్ దాకా బలంగా దిగుతుంది. మా గది సరిగ్గా అక్కడే ఉబ్బుతుంది. 11 అడుగుల వెడల్పులో దాన్ని గోడలకు దూరంగా పెట్టే చోటు కూడా లేదు. డబ్బు పోసి ఇబ్బంది కొనుక్కోవడం ఎందుకని వదిలేశాను.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి హార్బెత్ పీ3ఈఎస్‌ఆర్. బీబీసీ పరిశోధన విభాగంలో పనిచేసిన డడ్లీ హార్‌వుడ్ 1977లో మొదలుపెట్టిన కంపెనీ అది. అడుగు ఎత్తు పెట్టె, వెనక రంధ్రం లేని సీల్డ్ డిజైన్. గొంతు విషయంలో దానికి వంక పెట్టలేం. ఘంటసాల పద్యం ఎత్తుకుంటే ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కాకపోతే మృదంగం ఎడంతల (లోతుగా పలికే ఎడమ వైపు) మోగినప్పుడు రావాల్సిన నిండుతనం రాలేదు. రెండోది కెఫ్ ఆర్3 మెటా. కెఫ్‌ను 1961లో ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టోన్‌లో రేమండ్ కుక్ స్థాపించాడు. పై స్వరాలు పలికే ట్వీటర్‌ను, మధ్య స్వరాలు పలికే మిడ్‌రేంజ్ డ్రైవర్ నడిమధ్యలో కూర్చోబెట్టే యూని-క్యూ పద్ధతిని వాళ్లు 1988లో తెచ్చారు.

ఆ పద్ధతి వల్లే నా ఓటు కెఫ్‌కు పడింది. మామూలు స్పీకర్లలో ట్వీటరు పైన, కింది స్వరాలు పలికే ఊఫరు కింద ఉంటాయి. చెవి ఎత్తు మారితే ఆ రెండూ కలిసే తీరు మారి, గొంతు పలచబడుతుంది. మా ఇంట్లో నాన్న పడక్కుర్చీలో కూర్చుంటారు, నేను పేము కుర్చీలో, పిల్లలు చాప మీద. ముగ్గురి చెవులూ మూడు ఎత్తుల్లో ఉంటాయి. రెండు డ్రైవర్లూ ఒకే బిందువు నుంచి పలికితే ఈ తేడా అంతగా తెలియదు. స్పీకర్ల మీద రాసే వాళ్లెవరూ చాప మీద కూర్చునేవాళ్ల గురించి రాయరు. ఒక డీలరు డిపాజిట్ తీసుకుని వారాంతానికి డెమో జత ఇంటికి ఇచ్చాడు. మా గదిలో విన్నాకే డబ్బు కట్టాను. ఇంటి డెమో ఇవ్వనన్న చోట ఇంత ఖరీదైన వస్తువు కొనకూడదని నా అభిప్రాయం.

అసలు పని అక్కడి నుంచి మొదలైంది. ముందు స్పీకర్ల జోలికి పోకుండా కుర్చీ సంగతి తేల్చుకున్నాను. మన ఇళ్లలో దివాన్ ఎప్పుడూ గోడకు ఆనించే ఉంటుంది. బాస్‌కు గోడ దగ్గరే ఒత్తిడి ఎక్కువ కాబట్టి, అక్కడ కూర్చుంటే ప్రతి డోలు దెబ్బా గుమ్మని సాగుతుంది. అలాగని గదికి సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ 35 హెర్ట్జ్ మొత్తానికే మాయమవుతుంది. వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం అని ఒక వాడుక లెక్క ఉంది. మా గదిలో అది ఆరడుగులు. అది చట్టమేం కాదు గానీ వెతుకులాట మొదలుపెట్టడానికి మంచి చోటు. తేలికైన పేము కుర్చీ తెచ్చుకున్నాను, వినడం అయ్యాక పక్కకు జరపొచ్చని. దాని వీపు భుజాల దాకానే ఉండాలి. తల వెనక ఎత్తుగా ఉంటే శబ్దం చెవుల దగ్గరే తగిలి తిరిగొస్తుంది.

తర్వాత స్పీకర్లు. ఆడియో కేబుళ్ల కంపెనీ పెట్టిన జార్జ్ కార్డాస్ సూత్రం ప్రకారం పక్క గోడకు దూరం గది వెడల్పులో 0.276 వంతు, ముందు గోడకు (స్పీకర్ల వెనక ఉండే గోడ) అదే వెడల్పులో 0.447 వంతు ఉండాలి. మా గదికి మూడడుగులూ, దాదాపు అయిదడుగులూ వస్తాయి. అయిదడుగులు ముందుకు తెస్తే బాల్కనీ తలుపు దగ్గర మనిషి పక్కకు తిరిగి నడవాలి. అందుకని నాలుగు దగ్గర ఆపి, టైల్స్ మీద మాస్కింగ్ టేపుతో గీతలు వేసి, యూమిక్-1 మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలవడం మొదలుపెట్టాను.

కింది స్వరం నుంచి పై స్వరం దాకా సాగే పరీక్ష శబ్దం (స్వీప్) మొదటిసారి వేయగానే బీరువా తలుపులు గలగలమన్నాయి. కిటికీ ట్రాక్ కూడా దానికి వంత పాడింది. తలుపు అంచులకు ఫెల్ట్, కిటికీకి ఫోమ్ స్ట్రిప్ అంటించాకే గ్రాఫ్ వైపు చూశాను. 70 హెర్ట్జ్ దగ్గర పెద్ద గొయ్యి కనిపించింది, అంటే ఆ స్వరం బాగా పడిపోయింది. కారణం సులువే: స్పీకరు నుంచి వెనక్కి వెళ్లిన బాస్ ముందు గోడకు తగిలి తిరిగొచ్చేసరికి, ఆ స్వరానికి సరిగ్గా సగం అల ఆలస్యమై అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. 1,125ని గోడ దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. గొయ్యి పూర్తిగా పోదు, చోటు మాత్రం మారుతుంది. స్పీకర్లను రెండేసి అంగుళాలు జరుపుతూ, ఒక్కో చోటా కొలుస్తూ, మృదంగం వింటూ పోయాను. మూడడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర గొయ్యి లోతు తగ్గింది, ఎడంతల గుండ్రంగా పలికింది. టేపు అక్కడే మిగిలింది.

స్పీకర్లు ఎడమా కుడీ సమానంగా ఉన్నాయో లేదో తేల్చడానికి మోనో రికార్డింగును మించిన పరికరం లేదు. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, సన్నగా నిలబడాలి. ఘంటసాల గొంతు ఎడమకు జానెడు జరిగి వినిపించింది. లేజర్ మీటరుతో తల ఉండే చోటి నుంచి రెండు ట్వీటర్ల దాకా కొలిస్తే ఎడమది రెండు సెంటీమీటర్లు దగ్గరుంది. అది సరిచేసినా ఇంకాస్త పక్కకే ఉంది. ఎడమ పక్క ఒట్టి గోడ, కుడి పక్క కర్టెన్ వేసిన కిటికీ, అందుకని ఎడమ నుంచే శబ్దం ఎక్కువగా తిరిగొస్తోంది. నేను కుర్చీలో కూర్చుంటే మా అమ్మాయి గోడ వెంబడి అద్దం జరుపుకుంటూ వెళ్లింది. అద్దంలో ట్వీటరు కనిపించిన చోటే శబ్దం గోడకు తగిలి నా చెవికొస్తుంది, అక్కడ ముందుగా ఇంట్లో ఉన్న మందపాటి బొంతను మేకులకు తగిలించి చూశాం. గొంతు మధ్యకు వచ్చింది. అప్పుడే కార్పెంటరుకు కబురు చేసి, నాలుగంగుళాల రాక్‌వూల్‌తో (రాతి పీచు) ప్యానెల్ చేయించాను. పలచటి గుడ్డ గానీ అర అంగుళం ఫోమ్ గానీ పై స్వరాలనే (ట్రెబుల్) తింటుంది. గది మొద్దుబారుతుంది తప్ప బాగుపడదు. రాక్‌వూల్ చేతులకు దురద పెడుతుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

బాస్‌ను మింగే దిమ్మలకు (బాస్ ట్రాపులు) మూలలు కావాలి, ఎందుకంటే ఉబ్బే స్వరాలన్నింటికీ ఒత్తిడి ఎక్కువగా ఉండేది మూలల్లోనే. మా అత్తగారు చూసి, “ఈశాన్యంలో బరువేమిటి బాబూ, తీసెయ్యండి” అన్నారు. వాదించలేదు. బీరువా ఉన్న నైరుతి మూల ఎలాగూ ఖాళీ లేదు. మిగిలిన రెండు మూలల్లో స్లాబు దాకా నిలబెట్టాం. ఇంత తక్కువ స్వరాలకు ట్రాపులు ఎడమా కుడీ జతగా ఉండకపోయినా పెద్దగా నష్టం లేదు. 51 దగ్గరి మోత తొందరగా ఆగడం గ్రాఫ్‌లోనూ కనిపించింది, చెవికీ తెలిసింది. 35 దగ్గర మాత్రం నాలుగంగుళాల రాక్‌వూల్ ఏమీ చేయలేకపోయింది.

స్పీకర్లను నా తలకు గురిపెడితే చిట్టిబాబు వీణ మీటు మరీ పదునుగా తగిలింది. తల వైపు తిప్పకుండా నేరుగా ముందుకు పెడితే వీణ గదంతా పరుచుకుంది. రెండు స్పీకర్ల గురీ నా తల వెనక రెండడుగుల దూరంలో కలిసేలా తిప్పితే కుదిరింది. స్టాండ్లలో ఎండబెట్టిన ఇసుక పోశాను, స్పైకుల కింద టైల్స్ పగలకుండా కప్పులు పెట్టాను.

మిగిలిపోయిన 35 హెర్ట్జ్ ఉబ్బును మాత్రం, ఒక్కో స్వరం స్థాయిని మార్చే ఈక్వలైజర్‌తో (ఈక్యూ) 6 డెసిబెల్స్ తగ్గించాను. ఉబ్బును తగ్గించొచ్చు గానీ గొయ్యిని పూడ్చాలని ఈక్యూ పెంచడం దండగ, ఎంత పోసినా గోడ దాన్ని కొట్టేస్తూనే ఉంటుంది. 200 హెర్ట్జ్ పైన ఏమీ ముట్టుకోలేదు. ఇక తేలాల్సింది ఫ్యాను సంగతి. రెక్కల మోతలో తంబూర శ్రుతి వణికినట్టు వినిపిస్తుంది, కాబట్టి ఆపాలి. మే నెలలో ఆపితే నాన్న ఊరుకోరు. గంట ముందే ఏసీ వేసి గది చల్లబరిచి, పాట మొదలయ్యే ముందు రెండూ కట్టేస్తున్నాం. ఒక కచేరీ క్యాసెట్ మొదటి వైపు అయ్యేదాకా ఆ చల్లదనం సరిపోతోంది. రెండో వైపు వేసే ముందు మళ్లీ ఏసీ వేయక తప్పడం లేదు.