వియన్నాలో ఒక రోజు

నిన్న ఉదయం వియన్నాలో సెయింట్ స్టీఫెన్స్ కేథడ్రల్ దక్షిణ గోపురంలోని 343 మెట్లూ ఎక్కాను. మెలికలు తిరిగే ఆ ఇరుకు దారిలో ఎవరైనా ఎదురొస్తే గోడకు అతుక్కుపోవలసిందే. మధ్యాహ్నం షోన్‌బ్రున్ రాజభవనం చూశాను గానీ, గది తరువాత గదిగా అద్దాలూ బంగారు పూతలూ చూసేసరికి కళ్లు అలసిపోయాయి.

సాయంత్రం మాత్రం వేరు. 1870లో ప్రారంభమైన మ్యూజిక్‌ఫెరైన్ అనే సంగీత కచేరీల భవనంలోని స్వర్ణ మందిరంలో, కూర్చునే టికెట్టు కొనడానికి చేయి రాక, వెనుక నిలబడి వినేవారి చోటు తీసుకున్నాను (మెట్లెక్కిన కాళ్లు అప్పటికే నన్ను తిట్టుకుంటున్నాయి). సన్నాయిని పోలిన ఓబో అనే వాద్యం అందించిన ఒక్క స్వరానికి వయొలిన్లు, చెల్లోలు, బాకాలు శ్రుతి కలుపుకొని హఠాత్తుగా మౌనం వహించినప్పుడు, పక్కనున్న వృద్ధురాలు దగ్గు బిళ్ల కాగితాన్ని చప్పుడు కాకుండా విప్పడానికి పడుతున్న అవస్థ కూడా స్పష్టంగా వినబడింది. ఆ తరువాత కచేరీ ముగిసేదాకా కాళ్ల సంగతి గుర్తే రాలేదు.