ఇంటి రక్షణకు రైఫిల్ తూటాలు: డాలస్‌లో నా అనుభవం

గ్రీన్ కార్డు వచ్చాకే తుపాకీ ఆలోచన పెట్టుకున్నాను కాబట్టి రైఫిల్ కొనడం తేలికగానే అయిపోయింది. షాపులో 4473 ఫారం నింపాను, కార్డు చూపించాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, ఏఆర్-15 ఇంటికొచ్చింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి షాపుకి పరిగెత్తకండి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ లాయర్ని అడక్కుండా వాటి జోలికి పోవద్దు.

మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసన్న మాట ఇక్కడ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వినబడుతుంది. బంగారం కోసం నేను ఎవరి మీదా కాల్చను. ఎవడైనా మెట్లెక్కి పిల్లల గదుల వైపు వస్తే ఏం చేయాలన్నదే నా లెక్క. అది వినగానే మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "సరేనండీ, గురి తప్పితే ఆ బుల్లెట్ ఎక్కడికి పోతుంది?"

తూటాల ఎంపిక మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మన ఊళ్లో ఇటుక గోడల మధ్య పెరిగినవాళ్లకు ఇక్కడి ఇల్లు ఒక పట్టాన అర్థం కాదు. లోపలి గోడ అంటే చెక్క ఫ్రేముకు అటూ ఇటూ కొట్టిన అరంగుళం జిప్సం బోర్డు, అంతే. మనిషిని ఆపగలిగే ఏ బుల్లెట్ అయినా దాన్ని దాటుతుంది. "గోడ దాటని తూటా" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏఆర్-15లో వాడే, తేలికగా, వేగంగా పోయే .223 సైజు బుల్లెట్ గోడ తగిలాక పల్టీ కొట్టో ముక్కలయ్యో, చాలా పిస్టల్ బుల్లెట్ల కంటే త్వరగా శక్తి కోల్పోతుంది. మనకు దొరికే వెసులుబాటు అదొక్కటే.

ముందుగా నా బారెల్ మీద ఏ సైజు తూటా అని చెక్కి ఉందో చూశాను: 5.56 నాటో. 5.56 ఛాంబర్‌లో, అంటే బారెల్‌లో తూటా కూర్చునే చోట, .223 రెమింగ్టన్ హాయిగా కాల్చుకోవచ్చు. .223 అని మాత్రమే రాసి ఉన్న రైఫిల్లో 5.56 వేయకూడదు, ప్రెషర్ ఎక్కువ. పైకి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి డబ్బా మీద రాసింది చదవాల్సిందే.

షాపుల్లో అన్నిటికంటే చవకగా దొరికేది 55 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) ఫుల్ మెటల్ జాకెట్, అంటే సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగున్న బుల్లెట్. ప్రాక్టీసుకి అదే వాడతాను. ఇంట్లోకి మాత్రం వద్దనుకున్నాను. వేగం బాగా ఉన్నప్పుడు అది ముక్కలవుతుంది, తగ్గితే సూటిగా దూసుకుపోతుంది. పచ్చ రంగు మొనతో వచ్చే ఎం855 సంగతి సరేసరి, లోపల స్టీలు ముక్క ఉంటుంది. చాలా ఇండోర్ రేంజ్‌లలో (కాల్పుల ప్రాక్టీసు చేసే చోట్లు) అయస్కాంతం పెట్టి చూసి మరీ వెనక్కి పంపిస్తారు.

మిగిలినవి మొన విచ్చుకునే రకాలు. వాటిలో నన్ను బాగా తికమకపెట్టింది బాండెడ్ సాఫ్ట్ పాయింట్, అంటే మెత్తటి మొన ఉండి, లోపలి సీసం తొడుగుకు అతుక్కుని ఉండే రకం. కారు అద్దంలాంటివి దాటినా బుల్లెట్ చెదరకుండా ఉండాలని చేసినవి ఇవి, పోలీసులకు బాగా పనికొస్తాయి. పిల్లలు పక్క గదిలో పడుకునే నా ఇంటికి ఆ గుణమే అక్కర్లేదనిపించింది. అటు చివర చిన్న జంతువుల వేటకు చేసే 40 గ్రెయిన్ రకాలున్నాయి, అవి పైపైనే పిండి అయిపోతాయి. ఒంటి కండకు బదులుగా పరీక్షల్లో వాడే జెలటిన్ దిమ్మెలో కనీసం 12 అంగుళాలు, మహా అయితే 18 దిగాలన్నది ఎఫ్‌బీఐ కొలమానం. ఈ రెండు రకాలకూ మధ్యలో, తొందరగా విచ్చుకునే 55 గ్రెయిన్ పాలిమర్ టిప్ (ప్లాస్టిక్ మొన ఉన్న రకం) దగ్గర ఆగాను. హార్నడీ, స్పీర్, ఫెడరల్ లాంటి పేరున్న కంపెనీలన్నిటికీ ఇంటి రక్షణ రకాలున్నాయి. కంపెనీ పేరు కంటే మన రైఫిల్లో ఇరుక్కోకుండా ఆడటం ముఖ్యం. ధర ఎక్కువే అయినా కొన్ని డబ్బాలు రేంజ్‌లో ఖర్చుపెట్టి, ఆ తూటాతోనే మళ్లీ జీరో చేసుకున్నాను, అంటే గురి సరిచేసుకున్నాను. ఒక తూటాకు కుదిరిన గురి ఇంకోదానికి కాస్త పక్కకు పోతుంది.

నిజానికి తూటా కంటే ఎక్కువ మేలు చేసింది ఇల్లంతా తిరిగి చూసుకోవడం. హాల్లోంచి పైకి కాలిస్తే వెనక పిల్లల గది. మెట్ల పైనుంచి కిందికి గురిపెడితే వెనక కాంక్రీట్ శ్లాబ్. కాబట్టి కదలకుండా మెట్ల పైనే ఉండి 911కి ఫోన్ చేయాలని ఇద్దరం అనుకున్నాం. రైఫిల్ సేఫ్‌లోనే ఉంటుంది. లోడ్ చేసిన తుపాకీని అందేలా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో అది నేరం. పక్కనే చెవులకు ఎలక్ట్రానిక్ మఫ్స్ పెట్టాను. గదిలో రైఫిల్ పేలితే చెవులు పాడైపోతాయి.

ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించి దించితే బుల్లెట్ తన ఇత్తడి గొట్టంలోకి (కేసు) జరిగిపోవచ్చు, వెనక మందును అంటించే ప్రైమర్ మీద సన్నని గుంట కూడా పడుతుంది. బుల్లెట్ లోపలికి జరిగినదాన్ని అసలు కాల్చను, మిగతావి ప్రాక్టీసు డబ్బాలో పడేస్తాను.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును మాత్రం ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మా ఇంట్లో ఆ బ్యాగు గరాజ్ దాటి లోపలికి రాదు.