పటం మీద గీసిన గీత: స్కాట్లాండ్ గ్రౌస్ లైసెన్సులో బలమెక్కడ, లొసుగెక్కడ

ఆగస్టు 12 వచ్చిందంటే స్కాట్లాండ్ కొండల్లో గ్రౌస్ వేట మొదలవుతుంది. డిసెంబరు 10 దాకా సాగుతుంది. గ్రౌస్ మన కౌజు పిట్టలకు చుట్టమే. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, గోళ్ళ దాకా ఈకలు కప్పిన కాళ్ళు. హీథర్ అనే పొట్టి పొద చిగుళ్ళే దాని ప్రధాన ఆహారం. నిన్నమొన్నటి దాకా ఈ వేటకు ప్రత్యేకంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. భూమి మీద వేట హక్కు, తుపాకీ సర్టిఫికెట్ ఉంటే సరిపోయేది. 2024 మార్చి 21న స్కాట్లాండ్ పార్లమెంటు వన్యప్రాణి నిర్వహణ, మ్యూర్‌బర్న్ (కొండ పొదల్ని తగలబెట్టడం) చట్టాన్ని 85–30 ఓట్లతో ఆమోదించింది. ఆ ఏడాది ఆగస్టు సీజను నుంచి గ్రౌస్‌ను కాల్చే ప్రతి భూమికీ నేచర్‌స్కాట్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు పేరు గ్రౌస్‌దే అయినా, ఆ చట్టం కాపాడాలనుకుంటున్నది గద్దల్ని. ఈ ముడి అర్థం కాకపోతే అక్కడి రాజకీయం ఏదీ అర్థం కాదు.

ముందు వేట సంగతి చూద్దాం. కుక్కలతో కొండంతా నడిచి లేచిన పిట్టను కాల్చేది పాత పద్ధతి. దానికి పిట్టలు తక్కువున్నా ఫర్వాలేదు. డబ్బంతా ఉన్నది తోలుడు వేటలో. ఒక వరుస మనుషులు జెండాలు ఊపుకుంటూ పొదల్లోంచి పిట్టల్ని లేపి తోలుకొస్తారు. రాయితోనో మట్టిగడ్డలతోనో కట్టిన మాటుగోడల వెనక తుపాకులవాళ్ళు వరుసగా నిలబడి ఉంటారు. పిట్టలు నేలకు దగ్గరగా, మహా వేగంగా వాళ్ళ మీదుగా దూసుకుపోతాయి. ఒక రోజు వేట లెక్క తేలేది ఎన్ని జతలు పడ్డాయన్నదాన్నిబట్టే. కొండ అమ్మకానికి వస్తే ధర కట్టేటప్పుడు కూడా సగటున ఏడాదికి ఎన్ని జతలు పడతాయో చూస్తారు. కాబట్టి ప్రకృతి తనంతట తాను ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ పిట్టలు ఆగస్టు నాటికి కొండ మీద ఉండాలి. జీతానికి కొండను చూసుకునే గేమ్‌కీపర్ పని అదే.

అందుకు అతను మూడు పనులు చేస్తాడు. హీథర్‌ను ముక్కలు ముక్కలుగా తగలబెడతాడు, తినడానికి లేత చిగురు, గూడు కట్టుకోవడానికి ముదురు పొద పక్కపక్కనే దొరికేలా. పేగుల్లో పురుగు పట్టకుండా మందు పూసిన సన్నని రాతి పలుకులు పెట్టెల్లో పెడతాడు. గ్రౌస్ పీచుతిండి అరగడానికి రాళ్ళు మింగుతుంది గనక మందు దానితోపాటే లోపలికి పోతుంది. ఈ పెట్టెలకు మామూలుగా రెండు అరలుంటాయి, ఒకదాంట్లో మందు రాళ్ళు, రెండోదాంట్లో ఉత్తవి. వేటకు కనీసం 28 రోజుల ముందు మూత మార్చి మందు అర మూసెయ్యాలి. ఒక్క పెట్టె మర్చిపోయినా మందు అవశేషం ఉన్న మాంసం వంటింటికి చేరుతుంది.

మూడోది, పిట్టల్ని తినే జంతువుల్ని చంపడం. నక్క, కాకి, స్టోట్ అనే ముంగిస లాంటి జంతువు, వీటిని షరతులకు లోబడి చంపొచ్చు. గద్దలు, డేగలు, గుడ్లగూబలు అన్నిటికీ చట్టరక్షణ ఉంది, ముట్టుకోకూడదు. అసలు గొడవ ఇక్కడే.

గద్దలు గ్రౌస్‌ను తింటాయా అంటే తింటాయి. ఈ మాట దాచిపెట్టి వాదించేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. ఇంగ్లండ్ సరిహద్దు దగ్గరి లాంగ్‌హోమ్ మూర్‌లో 1992 నుంచి 1997 వరకు పరిశోధకులు గద్దల్ని ఎవరూ ముట్టుకోకుండా చూసి లెక్కలు కట్టారు. మన పిల్లిగద్దల జాతికే చెందిన హెన్ హారియర్ ఆడపక్షులు అక్కడ 2 నుంచి 20కి పెరిగాయి. గ్రౌస్ పడిపోయి తోలుడు వేట ఆగిపోయింది. మళ్ళీ 2008 నుంచి పదేళ్ళు అక్కడే ఇంకో ప్రయత్నం జరిగింది. హారియర్ గూళ్ళ పక్కన గుంజ పాతి, దాని మీద చచ్చిన కోడిపిల్లలు, తెల్ల ఎలుకలు పెట్టారు. గద్దలు ఆ తిండి తీసుకున్నాయి, గూటికి చేరే గ్రౌస్ పిల్లలు బాగా తగ్గాయి కూడా. అయినా తోలుడు వేట నడిచేటన్ని గ్రౌస్‌లు తిరిగి రాలేదు. చివరికి లాంగ్‌హోమ్ ఊరివాళ్ళే చందాలు పోగుచేసి 2021లో 38 లక్షల పౌండ్లకు 5,200 ఎకరాలు, 2022లో 22 లక్షల పౌండ్లకు మరో 5,300 ఎకరాలు కొన్నారు. వేట కొండ టారస్ వ్యాలీ ప్రకృతి రక్షిత ప్రాంతమైంది.

అన్ని ఊళ్ళకూ అది సాధ్యం కాదు. మిగతా చోట్ల ఏం జరుగుతోందో 2017లో ప్రభుత్వమే వేయించిన నివేదిక చెప్పింది. 2004–2016 మధ్య ఉపగ్రహ ట్యాగ్ తగిలించిన 131 గోల్డెన్ ఈగల్ గద్దల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం గ్రౌస్ కొండల మీద. అంటే మూడింట ఒకటి. ట్యాగ్ దానంతట అది పాడైతే సాధారణంగా ముందే జాడ తెలుస్తుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గుతూ వస్తుంది. పక్షి సహజంగా చచ్చినా ట్యాగ్ పడిన చోటునుంచే కబురు పంపుతూ ఉంటుంది. నిన్నటిదాకా చక్కగా పనిచేసింది ఇవాళ ఒక్కసారిగా మూగబోయిందంటే ఎవరో చేయి చేసుకున్నారన్న అనుమానమే బలం. 2016లో మాయమైన ఒక గద్ద ట్యాగ్ 2020లో బ్రాన్ నదిలో దొరికింది. పట్టీలు కోసి ఉన్నాయి, సిగ్నల్ బయటికి పోకుండా సీసం రేకు చుట్టి ఉంది. నడకకు వెళ్ళినవాళ్ళ కంటబడబట్టి గానీ లేకపోతే అది కూడా లెక్కలో ఒక అంకెగా మిగిలిపోయేది.

ఇన్ని జరిగినా శిక్షలు ఎందుకు పడలేదు? స్కాట్లాండ్ చట్టంలో నేరం రుజువు కావాలంటే కీలకమైన ప్రతి అంశానికీ రెండు వేర్వేరు ఆధారాలు కావాలి. ఒక్క సాక్షి మాట చాలదు. మనిషి జాడ లేని కొండ మీద, తెల్లవారుజామున, రెండో సాక్షి ఎక్కడినుంచి వస్తాడు? కెమెరా పెడదామంటే కోర్టు దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. 2015 జనవరిలో ఒక గేమ్‌కీపర్‌కు నాలుగు నెలల జైలు పడింది, గద్దల్ని చంపినందుకు స్కాట్లాండ్‌లో జైలుకెళ్ళిన మొదటి మనిషి అతనే. అక్కడ వీడియోనే ప్రధాన ఆధారం. బోనుల వాడకం మీద అధ్యయనానికి పెట్టిన కెమెరా గనక చెల్లింది. క్యాబ్రాక్ ప్రాంతంలో 2013లో హెన్ హారియర్‌ను కాల్చిన దృశ్యం చిత్రీకరించిన కేసులో మాత్రం, ఆ కెమెరా నేరం పట్టడానికే పెట్టారంటూ 2017లో ప్రాసిక్యూషన్ కేసునే వదిలేసింది. శిక్షలు పెంచడం వల్ల ఇక్కడ పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 2012 నుంచి కీపర్ తప్పుకు యజమానినీ బాధ్యుణ్ణి చేసే నిబంధన ఉంది, 2020 చట్టం గరిష్ఠ శిక్షను ఐదేళ్ళకు పెంచింది. కేసు నిలబడితేనే కదా అవి అక్కరకొచ్చేది.

లైసెన్సు ఈ గోడను పక్కనుంచి దాటుతుంది. క్రిమినల్ కోర్టులో తప్పు సహేతుకమైన అనుమానానికి తావులేకుండా తేలాలి. లైసెన్సు తీసెయ్యడానికి మాత్రం తప్పు జరిగి ఉండే అవకాశమే ఎక్కువని నేచర్‌స్కాట్‌కు నమ్మకం కుదిరితే చాలు, ఎవరికీ శిక్ష పడి ఉండనక్కర్లేదు. నచ్చకపోతే యజమాని షెరిఫ్ కోర్టుకు వెళ్ళొచ్చు. లైసెన్సు పోతే వేట లేదు, వేట లేకపోతే జతల లెక్క లేదు, కొండ ధర పడిపోతుంది. జరిమానాకు బెదరని యజమాని కూడా దీనికి బెదురుతాడు. గ్రౌస్ కొండల నిర్వహణ మీద ప్రభుత్వం వేసిన వెరిటీ కమిటీ 2019 డిసెంబరులో, ఐదేళ్ళు చూసి, మార్పు లేకపోతే లైసెన్సు పెట్టమంది. ప్రభుత్వం 2020 నవంబరులోనే ఆ ఐదేళ్ళు ఆగేది లేదని ప్రకటించింది. సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక లొసుగు. మొదటి సీజనులో లైసెన్సు ఎస్టేట్ మొత్తానికి, అంటే ఆ యజమాని భూమంతటికీ, వర్తించేలా ఇచ్చారు. భూస్వాముల సంఘం న్యాయవివాదానికి దిగింది. 2024 నవంబరులో నేచర్‌స్కాట్ వెనక్కి తగ్గి, గ్రౌస్‌ను కాల్చే లేదా పట్టే భాగం వరకే లైసెన్సు హద్దు ఉంటే చాలంది. ఆ హద్దును పటం మీద గీసేది దరఖాస్తు చేసుకున్నవాళ్ళే. ఉదాహరణకు 4,000 హెక్టార్ల ఎస్టేట్ అనుకుందాం. మాటుగోడల చుట్టుపక్కల 300 హెక్టార్లకు గీత గీస్తారు. గద్ద గూడు రెండు కిలోమీటర్ల అవతల పైన్ చెట్ల తోపులో ఉంటుంది. అక్కడ విషం పెడితే నేరం జరిగింది లైసెన్సు ఉన్న భూమి మీద కాదు. గద్ద చచ్చినందువల్ల లాభం మాత్రం ఆ 300 హెక్టార్లకే.

యజమానుల వాదన నేను విన్నాను. ఎస్టేట్‌లో కౌలు పొలాలు, అడవి, గొర్రెల మేత అన్నీ ఉంటాయి, ఎవరో చేసిన పనికి మా వేట ఆపితే ఎలా అంటారు. కానీ లైసెన్సు పోవాలంటే తప్పు చేసింది లైసెన్సుదారో, ఆ భూమి నిర్వహణలో పాలున్నవాళ్ళో అయి ఉండాలని చట్టమే చెబుతోంది. దారినపోయేవాడు చేసిన దానికి లైసెన్సు పోదు. కాబట్టి హద్దును ఎస్టేట్ మొత్తానికి విస్తరించినా అమాయకులకు అన్యాయం జరగదు. ఈ కంత పూడ్చమని పార్లమెంటులో మళ్ళీ ఒత్తిడి మొదలైంది, మొదలవ్వాల్సిందే.

మ్యూర్‌బర్న్ గురించి కొంచెం. పొదల్ని కాల్చడానికి కూడా లైసెన్సు అదే చట్టంలో పెట్టారు. దాని అమలు ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. పొదల కింద ఉండేది పీట్, వేల ఏళ్ళుగా కుళ్ళకుండా పేరుకున్న నల్లటి తడి నేల. మంట దాంట్లోకి దిగితే రోజుల తరబడి కిందకిందనే కాలుతుంది. కొత్త చట్టం ప్రకారం పీట్ లోతు 40 సెంటీమీటర్లు దాటితే గ్రౌస్ కోసం కాల్చడానికి వీల్లేదు. కార్చిచ్చు నివారణ, నేల పునరుద్ధరణ, పరిశోధన లాంటి కొన్ని కారణాలకే అనుమతి. లోతు కొలిచేది సన్నటి ఇనుప చువ్వ దింపి. చిక్కేమిటంటే కొండ ఒకేలా ఉండదు, గట్టు మీద జానెడు ఉన్న పీట్ పక్కనే పల్లంలో నిలువెత్తు ఉండొచ్చు. నాలుగు చోట్ల దింపి సగటు తీస్తే ఆ పల్లం లెక్కలోనే రాదు, నిప్పు పెట్టాక గానీ తెలియదు. 2025 వేసవిలో కార్‌బ్రిడ్జ్, డావా వైపు పెద్ద కార్చిచ్చు లేచాక, ముదురు పొదలు ముందే కాలిస్తే చిచ్చు ఇంత పెరిగేది కాదు అనేవాళ్ళ గొంతు పెరిగింది. ఆ మాటలో కొంత నిజముంది. అయితే చిచ్చును ఆపడానికి కాల్చే గీతలు, గ్రౌస్ కోసం కాల్చే ముక్కలు ఒకే చోట పడాలని లేదు.

ఎడిన్‌బరా, గ్లాస్గో, అబర్డీన్‌లలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, వారాంతాల్లో కొండలకు వెళ్తారు. 2003 భూసంస్కరణ చట్టం వల్ల బాధ్యతగా మసలుకుంటే ఎస్టేట్ భూముల్లో నడిచే హక్కు అందరికీ ఉంది. కాబట్టి ఇది వాళ్ళకు పనికొస్తుంది.

చచ్చిన గద్ద కనిపిస్తే ముట్టుకోవద్దు. తల వెనక్కి వాలి, గోళ్ళు గట్టిగా ముడుచుకుని ఉంటే, పక్కన కుందేలు మాంసం లాంటి ఎర, దాని మీద చచ్చిన ఈగలు ఉంటే విషమనే అనుకోండి. ఇలాంటి చోట మళ్ళీమళ్ళీ బయటపడేది కార్బోఫ్యూరాన్. వరిలో కాండం తొలిచే పురుగుకు మన రైతులు చల్లిన ఫ్యూరడాన్ గుళికలు అవే. బ్రిటన్‌లో 2001లోనే నిషేధించారు, స్కాట్లాండ్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం. చర్మం గుండా కూడా ఎక్కుతుంది. పిల్లల్ని, కుక్కను దూరంగా పెట్టండి. ఒక ఫొటో దగ్గరనుంచి, ఒకటి వెనక కొండ గుర్తు కనిపించేలా దూరంనుంచి తీయండి.

బోనులో బతికున్న కాకి కనిపిస్తే తొందరపడి విడిపించొద్దు. మిగతా కాకుల్ని పిలిచే ఎరకాకిని చట్టబద్ధంగానే పెట్టొచ్చు. తిండి, నీళ్ళు, వాలడానికి కర్ర, తలదాచుకోవడానికి చోటు ఉన్నాయా, బోనుకు నంబరు ట్యాగ్ ఉందా చూసి ఫొటో తీసుకోండి. ట్యాగ్ లేకపోతేనో, లోపల గద్ద ఉంటేనో పోలీసులకు చెప్పండి. ఉచ్చు కనిపిస్తే అప్పుడూ చెప్పండి. ఉచ్చుల్ని ఈ చట్టమే నిషేధించింది.

ఫోన్ 101కి చేసి వన్యప్రాణి నేరాల అధికారి కావాలని అడగాలి. నేరం కళ్ళముందే జరుగుతుంటే 999. గ్రిడ్ రిఫరెన్స్, అంటే పటం మీద ఆ చోటును తెలిపే గుర్తు, రెండు అక్షరాలతోపాటు ఎనిమిది అంకెలు చెప్పండి. ఆరంకెలు చెబితే వంద మీటర్ల చదరం వస్తుంది, ఎనిమిదైతే పది మీటర్లది. లైసెన్సు హద్దు ఒక వాగు వెంటో కంచె వెంటో పోతున్నప్పుడు, కళేబరం గీతకు ఇటువైపు పడిందా అటువైపు పడిందా అన్నది ఆ చివరి అంకెలే తేలుస్తాయి. ఫోన్ పెట్టేసేలోపు ఇన్సిడెంట్ నంబరు అడిగి రాసుకోండి.